ఎడ్మంటన్ ఎదురుచూపు

ఓడిన జట్టును అభిమానించు ఊరికి వసంతకాలము మిక్కిలి దీర్ఘముగా తోచును. కెనడాలోని ఎడ్మంటన్ నగరమునకు ఈ సంగతి తెలిసినంతగా మరి యే నగరమునకును తెలిసియుండదు.

హాకీ యనగానే తెలుగు పాఠకునకు పచ్చికబయలు, ధ్యాన్‌చంద్ పేరు స్ఫురించును. కెనడావారి హాకీ వేరు. అది మంచుగడ్డపై ఆడు ఆట. అడుగున ఉక్కు అంచులు గల బూట్లు తొడిగి, ఒక్కొక్క పక్షమున ఆరుగురు చొప్పున నిలిచి, నల్లని రబ్బరు బిళ్ళను కర్రలతో తరుముచు ఆడుదురు. ఆ దేశమున శీతకాలము ఎంత సహజమో ఈ ఆటయు అంత సహజము. నేషనల్ హాకీ లీగ్ పోటీలు అక్టోబరులో మొదలై ఏప్రిల్ నడుమ వరకు సాగును. అటుపిమ్మట పైవరుసలో నిలిచిన 16 జట్లు స్టాన్లీ కప్ కొరకు జూన్ వరకు పోరాడును. దీనినే ప్లేఆఫ్ అందురు. తక్కిన జట్లవారు ఆట సామగ్రిని మూటగట్టుకొని ఇండ్లకు పోవుదురు. వారి అభిమానులు మాత్రము ఎచ్చటికిని పోలేరు.

ఎడ్మంటన్ జట్టు పేరు ఆయిలర్స్. వేన్ గ్రెట్జ్‌కీ వంటి మహాక్రీడాకారుడు ఆడిన జట్టది. 1984, 1985, 1987, 1988, 1990 సంవత్సరములలో ఐదుమారులు స్టాన్లీ కప్పును ఎత్తిన జట్టది. 2006లో తుదిపోరుదాక వెళ్ళి ఓడినది. ఆ తరువాత ఒక్క యేడైనను ప్లేఆఫ్ ముఖము చూడలేదు. 2015 వసంతమునాటికి ఇట్లు తొమ్మిది ఋతువులు గడచినవి. ఆ యేడు 30 జట్లలో దానికి దక్కినది 28వ స్థానము. అట్టి ఊరి అభిమాని ఏప్రిల్ నెలలో ఏమి చేయును? తన జట్టు ఆడుట లేదు. కాని తన జట్టులోనికి రేపు రాబోవు కుర్రవాండ్రు ఎచ్చటనో దూరపు చిన్న పట్టణములలో ఆడుచున్నారు. వారి ఆటల ఫలితములను రాత్రివేళ మేలుకొని చూచును. తన తోట ఎండినప్పుడు పొరుగూరి నారుమడిలో పెరుగుచున్న తన మొక్కలను తలచుకొను రైతువలె నుండును అతని స్థితి.

ఆ నారుమడి పేరు కెనడియన్ హాకీ లీగ్. ఒంటారియో, క్విబెక్, పశ్చిమ ప్రాంతములకు చెందిన మూడు జూనియర్ లీగులు కలిసి అది ఏర్పడినది. 2015లో వాటియందు మొత్తము 60 జట్లుండెను. వానిలో కొన్ని సరిహద్దు దాటి అమెరికాలోను కలవు. ఆడువారందరును సాధారణముగా 16 మొదలు 20 ఏండ్ల లోపువారు. పదునారేండ్ల ప్రాయముననే తల్లిదండ్రులను విడిచి, వందలమైళ్ళ దూరమందలి ఊరిలో, ఎన్నడును చూడని కుటుంబమువారి ఇంట బసచేసి, పగలు బడికి పోవుచు, సాయంకాలము సాధన చేయుచు, రాత్రులు బస్సులలో కునుకు తీయుచు పెరుగు బాలురు వీరు. వీరికి ముట్టు భత్యము స్వల్పము. కనీస వేతనమైనను ఇప్పింపుడని 2014లో కొందరు మాజీ ఆటగాండ్రు న్యాయస్థానము నాశ్రయించిరి. ఆడిన ప్రతి ఋతువునకును ఒక్కొక్క సంవత్సరపు పైచదువునకు సాయము లభించు ఏర్పాటు కలదు. ఆ ఏర్పాటునకు కారణము స్పష్టము. ఈ బాలురలో అత్యధికులు పెద్ద లీగునందు ఒక్క ఆటయైనను ఆడక యే ఆగిపోవుదురు.

పెద్ద లీగు జట్లు ఏటేట జూన్ నెలలో 18 ఏండ్లు నిండిన యువకులను వరుస ప్రకారము ఎంచుకొనును. దీనిని డ్రాఫ్టు అందురు. వెనుకబడిన జట్టునకు ముందుగా ఎంచుకొను అవకాశము దక్కును. కాని ఎంచుకొనబడినంతమాత్రమున బాలుడు పెద్దవాడు కాడు. అతడు పెద్ద లీగులో నిలువజాలకున్న యెడల, ఇరువది యేండ్లు నిండువరకు తన జూనియర్ జట్టునకే మరలి పోవలెను. నడిమి మెట్టుగా ఉన్న వృత్తిలీగులో ఆడుటకు వీలులేదు. ఇది 2015 నాటి నియమము. కనుకనే ఒక నగరపు ఆశలన్నియు ఇంకొక నగరపు బాలుర జట్టులో తలదాచుకొను విచిత్రము సంభవించుచుండెను.

ఆశపడుట ఎడ్మంటన్‌కు క్రొత్త కాదు. 2010, 2011, 2012 సంవత్సరములలో వరుసగా మూడుమారులు మొదటి ఎంపిక ఆ నగరమునకే దక్కినది. టేలర్ హాల్ వచ్చెను. 2009, 2010లలో విండ్సర్ జట్టుతో జూనియర్ విజేతల కప్పును రెండుమారులు గెలిచి, రెండుమారులును ఉత్తమ క్రీడాకారుడని పేరొందినవాడతడు. తరువాత ర్యాన్ న్యూజెంట్ హాప్కిన్స్, ఆపైన నైల్ యాకుపోవ్ వచ్చిరి. ముగ్గురు వచ్చినను జట్టు పైకి రాలేదు. అట్లయినను 2015 వసంతమున ఆ ఊరు మరల ఆశపడెను. ఈమారు దాని చూపులు మొదట ఇద్దరిపై నిలిచినవి.

అందొకడు లియోన్ డ్రైసైటిల్. జర్మనీలోని కొలోన్ నగరమున 1995లో జన్మించినవాడు. తండ్రి పీటర్ జర్మనీ జాతీయ జట్టులో ఆడినవాడు. 1992 ఒలింపిక్ క్రీడలలో కెనడాతో జరిగిన క్వార్టర్ ఫైనల్ ఎటును తేలక, ఒక్కొక్కరు వచ్చి గోలుపై కొట్టు ఘట్టమునకు వచ్చినప్పుడు, పీటర్ కొట్టిన బిళ్ళ గోల్‌కీపరును దాటి మెల్లగా దొర్లి, గోలు గీతపైననే ఆగిపోయెను. కెనడా గెలిచెను. ఆ తండ్రి కుమారుడు పదునారేండ్ల వయసున కెనడా మైదానప్రాంతమందలి ప్రిన్స్ ఆల్బర్ట్ పట్టణమునకు వచ్చి ఆడసాగెను. 2014లో ఆయిలర్స్ అతనిని మూడవ ఎంపికగా తీసికొనిరి. ఆ ఋతువున పెద్ద జట్టులో 37 ఆటలు ఆడించిరి. అతడు చేసినవి రెండే గోళ్ళు. పందొమ్మిదేండ్లవాడు పెద్దవారి నడుమ నలిగిపోవుచున్నాడని గ్రహించి, 2015 జనవరిలో అతనిని జూనియర్ ఆటకు తిప్పి పంపిరి. ప్రిన్స్ ఆల్బర్ట్‌వారు అతనిని బ్రిటిష్ కొలంబియాలో సరస్సు ఒడ్డునున్న కెలోనా పట్టణపు రాకెట్స్ జట్టునకు మార్చిరి. పైకి వెళ్ళినవాడు క్రిందికి దిగుట అవమానమని లోకము తలచును. కెలోనాలో అతడు ఆడిన ఆట చూచినవారు అట్లు తలచియుండరు.

రెండవవాడు డార్నెల్ నర్స్. హామిల్టన్‌లో 1995లో జన్మించెను. క్రీడలు ఆ యింటి కులవిద్య. తండ్రి కెనడా ఫుట్‌బాల్ లీగులో ఆడెను. చెల్లెలు కియా అటుతరువాత బాస్కెట్‌బాల్‌లో కెనడా పక్షమున ఒలింపిక్స్‌లో ఆడెను. 2013లో ఏడవ ఎంపికగా ఆయిలర్స్ అతనిని తీసికొనిరి. పొడవైన దేహము, కాపుదలలో నేర్పు గల ఈ యువకుడు, 2014 అక్టోబరులో పెద్ద జట్టున రెండు ఆటలు మాత్రమే ఆడి, సూ సెయింట్ మరీ పట్టణపు గ్రేహౌండ్స్ జట్టునకు మరలి వచ్చెను. ఆ జట్టునకు అతడే నాయకుడు. పూర్వము గ్రెట్జ్‌కీ 99వ సంఖ్యగల చొక్కాను మొదటిసారి తొడిగినది ఆ ఊరిలోనే.

ఏప్రిల్ 18వ తేదీన మరొక సంగతి జరిగినది. పెద్ద లీగువారు ఆ రాత్రి మొదటి ఎంపిక ఎవరిదో తేల్చుటకు లాటరీ తీసిరి. ఆయిలర్స్‌కు అందున్న అవకాశము నూటికి 11.5 వంతులు మాత్రమే. ఐనను అదృష్టము వారినే వరించినది. ఆ యేడు మొదటి ఎంపిక యనగా ఒక్కటే పేరు: కానర్ మక్‌డేవిడ్. పదునైదవ యేటనే ప్రత్యేకానుమతితో ఒంటారియో లీగులో ప్రవేశించినవాడు. అట్టి అనుమతి అంతకుముందు ఆ లీగులో ఇద్దరికే లభించినది. అమెరికాలో సరస్సుతీరమున నున్న ఈరీ నగరపు ఆటర్స్ జట్టున అతడు ఆడుచుండెను. ఆ ఋతువు నడుమ ఒక కొట్లాటలో చేయి విరిగి వారములకొలది కూర్చుండవలసి వచ్చినను, 47 ఆటలలో 120 పాయింట్లు సంపాదించెను. హాకీలో గోలు చేసినవానికిని, బిళ్ళ నందించి తోడ్పడినవారికిని ఒక్కొక్క పాయింటు లెక్కింతురు. ఆటకు ఒక పాయింటు వచ్చిననే గొప్ప. అతనికి రెండున్నర వచ్చినవి. ఆనాటి ఉదయమువరకు పరాయివాడైన బాలుడు సాయంకాలమునకు ఎడ్మంటన్ ఊరి కుర్రవాడైపోయెను.

ఇచ్చటనే విధి ఒక చిక్కు పెట్టినది. లాటరీ జరిగిన కొలది దినములకే, ఒంటారియో లీగులో పశ్చిమ భాగపు తుదిపోటీలో ఈరీ జట్టునకును, సూ సెయింట్ మరీ జట్టునకును తలపడవలసి వచ్చెను. ఒకవైపు మక్‌డేవిడ్, మరొకవైపు నర్స్. ఇద్దరును అదే సంవత్సరము జనవరిలో కెనడా పక్షమున ఒకే చొక్కా తొడిగి, టొరంటోలో రష్యాను 5–4 గోళ్ళతో ఓడించి ప్రపంచ జూనియర్ స్వర్ణపతకమును గెలిచినవారు. నాలుగు నెలలు తిరుగకముందే ఎదురెదురుగా నిలిచిరి. రెండువేల కిలోమీటర్లకు పైబడిన దూరమున కూర్చుండి చూచు ఎడ్మంటన్ అభిమానికి ఎవరు గెలిచినను ఆనందము సగమే, ఎవరు ఓడినను దుఃఖము సగమే. నర్స్ పని మక్‌డేవిడ్‌ను ఆపుట. రేపటి తన జట్టునకు ప్రాణము కాబోవు వానిని నేడు కట్టడి చేయవలసినవాడు అతడే.

లీగులో గ్రేహౌండ్స్ జట్టే అన్నిటికంటె బలమైనదని అందరును ఎంచియుండిరి. కాని ఏడు ఆటల పోటీలో ఈరీ 4–2తో గెలిచెను. ఉత్తమమైన ఋతువు గడపిన జట్టు కప్పును చూడకయే ఇంటిదారి పట్టెను. బాలుర ఆటలో ఇంతకంటె కఠినమైన సంగతి లేదు. ఇరువది యేండ్లు నిండినవానికి మరల అదే చొక్కా తొడుగు అవకాశము సామాన్యముగా రాదు. నర్స్ జూనియర్ జీవితము అట్లు ముగిసినది.

ఇక ఈరీ తుదిపోరునకు చేరెను. ఎదుట ఓషావా జెనరల్స్. బాబీ ఆర్ వంటివారిని పెంచిన పాతజట్టది. మక్‌డేవిడ్ ఒంటరిగా ఎంత చేయవలెనో అంతయు చేసెను. ప్లేఆఫ్ అంతటిలో 20 ఆటలాడి 49 పాయింట్లు గడించెను. ఐనను ఓషావా 4–1తో గెలిచి లీగు పట్టమును కైవసము చేసికొనెను. ప్లేఆఫ్‌లో ఉత్తమ క్రీడాకారునికి ఇచ్చు బహుమానము మాత్రము ఓడిన మక్‌డేవిడ్‌కే దక్కినది. ఆ బహుమానము గ్రెట్జ్‌కీ పేర వెలసినది. ఎడ్మంటన్‌కు వైభవము తెచ్చినవాని పేరుగల బహుమానమును, ఎడ్మంటన్‌కు వైభవము తేవలసినవాడు, ఓటమి నాటి సాయంకాలము అందుకొనవలసి వచ్చెను.

ముగ్గురిలో మిగిలినవాడు డ్రైసైటిల్ ఒక్కడే. పశ్చిమ లీగులో కెలోనా జట్టు నాలుగు మెట్లును ఎక్కి, తుదిపోటీలో బ్రాండన్‌ను 4–0తో ఓడించి విజేత యయ్యెను. 19 ఆటలలో 28 పాయింట్లతో ప్లేఆఫ్ ఉత్తమ క్రీడాకారుడుగా డ్రైసైటిల్ ఎన్నికయ్యెను. జనవరిలో వెనుకకు పంపబడినవాడు మే నెలలో జట్టును ముందు నడిపించెను.

మూడు లీగుల విజేతలును, ఆతిథ్యమిచ్చు జట్టును కలిసి మెమోరియల్ కప్ కొరకు పోరాడుదురు. మొదటి ప్రపంచయుద్ధమున మరణించిన కెనడా సైనికుల స్మారకముగా 1919లో నెలకొల్పబడిన కప్పది. అకాలమున రాలిపోయిన యువకుల జ్ఞాపకార్థము, యువకులు ఆడు ఆటకు పెట్టిన బహుమానమగుటచే దానియందు ఒక గాంభీర్యము కలదు. 2015లో పోటీలు క్విబెక్ నగరమున జరిగినవి. ఓషావా తన మూడు ప్రాథమిక పోటీలను గెలిచి నేరుగా తుదిపోరునకు చేరెను. కెలోనా సెమీఫైనల్‌లో ఆతిథ్య జట్టును ఓడించి వచ్చెను.

మే 31వ తేదీన తుదిపోరు. కెలోనా ముందుగా ఒక గోలు చేసెను. ఓషావా దానిని సరిచేసెను. నిర్ణీతకాలము ముగియుసరికి చెరియొక గోలు. అదనపు కాలములో మొదటి గోలు చేసినవారిదే కప్పు. ఆ కాలము మొదలై రెండు నిమిషములైనను గడువకముందే ఓషావా గోలు చేసినది, ఆట ముగిసినది. ఓషావా రెండు గోళ్ళును చేసినవాడు ఒక్కడే. అతని పేరు ఆంథొనీ సిరెల్లీ. వయసు 17.

ఈ సిరెల్లీ ఎవరు? అతడే పెద్దజట్టు ఎంచుకొన్న యువకుడును కాడు. ఒంటారియో లీగు జట్లు బాలురను ఎంచుకొను వేళ అతని పేరును ఒక్క జట్టైనను పలుకలేదు. ఎంపిక లేకయే ఓషావా తలుపు తట్టి, చోటు సంపాదించినవాడు. ఎంపికలో మూడవవాడైన డ్రైసైటిల్ ఎదుట, ఎంపికయే లేనివాడు కప్పును ఎగురవేసికొని పోయెను. ఆ పోటీలలో ఉత్తమ క్రీడాకారుని బహుమానము మరల ఓడినవానికే వచ్చినది. దానిని డ్రైసైటిల్ అందుకొనెను. ఒక్క నెలలో ఎడ్మంటన్ ఎదురుచూచు ఇద్దరు యువకులు, ఇద్దరును ఓషావా చేతనే ఓడి, ఇద్దరును ఉత్తములని పేరొందిరి. వ్యక్తి ఎంత గొప్పవాడైనను విజయము అతనికి బాకీపడి యుండదని ఆ వసంతము ఆ ఊరికి చెప్పినది. ఊరు ఆనాడు ఆ మాటను విన్నదో లేదో! జూన్ 26న ఫ్లోరిడాలోని సన్‌రైజ్ పట్టణపు క్రీడాశాలలో మక్‌డేవిడ్ పేరును చదివిరి. అక్టోబరునాటికి ముగ్గురును ఎడ్మంటన్ సంపద యైరి. అదే డ్రాఫ్టులో టాంపాబే జట్టు సిరెల్లీని 72వ ఎంపికగా తీసికొనెను. ఆ వార్తను ఎడ్మంటన్‌లో గమనించినవారు బహుశః అరుదు.

అటుపిమ్మటి చరిత్ర చూడుడు. 2017లో ఆయిలర్స్ ప్లేఆఫ్‌కు చేరి పదకొండేండ్ల గ్రహణము వీడిరి. ఆ యేడే మక్‌డేవిడ్ లీగు ఉత్తమ క్రీడాకారుడయ్యెను. ఆ గౌరవము అతనికి 2021లోను, 2023లోను మరల లభించెను. 2020లో డ్రైసైటిల్‌కు లభించెను. నర్స్ జట్టు కాపుదలకు మూలస్తంభమయ్యెను. పూర్వపు మువ్వురిలో హాల్ 2016లో వేరొక జట్టునకు మార్చబడి, అచ్చట 2018లో ఉత్తమ క్రీడాకారుడయ్యెను. యాకుపోవ్ పెద్ద లీగులో నిలువలేక 2018లో అక్కడినుండి తొలగెను. న్యూజెంట్ హాప్కిన్స్ మాత్రము ఆ చొక్కాను విడువలేదు. ఒకే వరుసలో మొదట ఎంచబడిన మువ్వురికి మూడు దారులు!

2020లో అంటువ్యాధి కారణముగా స్టాన్లీ కప్ చివరి పోటీలన్నియు ప్రేక్షకులు లేకయే ఎడ్మంటన్ క్రీడాశాలలో జరిగినవి. ఆయిలర్స్ అప్పటికే తొలగిపోయిరి. ఆ ఖాళీ శాలలో, సెమీఫైనల్ ఆరవ ఆట అదనపు కాలములో, తన జట్టును తుదిపోరునకు చేర్చిన గోలు చేసినవాడు సిరెల్లీ! ఎడ్మంటన్ మంచుపైననే అతడు స్టాన్లీ కప్పును ఎత్తెను. ఎవరికొరకు ఊరు ఎదురుచూచెనో వారు కారు. ఎవరి పేరు ఎవరును తలపలేదో వాడు వచ్చి కప్పు పట్టుకొనిపోయెను.

2024లో ఎట్టకేలకు ఆయిలర్స్ తుదిపోరునకు చేరిరి. ఫ్లోరిడా పాంథర్స్‌తో మొదటి మూడు ఆటలును ఓడి, తరువాతి మూడు ఆటలును గెలిచి, సమానముగా నిలిచిరి. జూన్ 24న జరిగిన ఏడవ ఆట మక్‌డేవిడ్ పేరు చదివిన ఆ సన్‌రైజ్ క్రీడాశాలయందే. నర్స్, డ్రైసైటిల్, మక్‌డేవిడ్ మువ్వురును మంచుపై నుండిరి. ఫలితము 2–1, ఓటమి. క్విబెక్ నాటి సంఖ్యయే. ప్లేఆఫ్ ఉత్తమ క్రీడాకారుడని పిలిచిన పేరు మక్‌డేవిడ్. బహుమానమును అందుకొనుటకు అతడు ఈమారు మంచుపైకి రాలేదు. 2025లో అదే ప్రత్యర్థి చేత 4–2తో మరల ఓడిరి.

ఇంత జరిగినను, బాలురను నమ్మి ఊరు మోసపోయినదని అనుటకు వీలులేదు. 2015 వసంతమున ఆ ముగ్గురిలో ఊరు చూచిన సామర్థ్యము అబద్ధము కాలేదు. ఒక్కొక్కరును మాటిచ్చినంత ఎదిగిరి. కాని బాలుని ఆటను చూచి అతడు ఎంతవాడగునో చెప్పవచ్చును. అతడు ఏమి గెలుచునో చెప్పరాదు. అది ఎదుటి పక్షమున పేరులేక నిలిచిన మరియొక బాలునిపై గూడ ఆధారపడి యుండును. ఏటేట ఏప్రిల్ వచ్చుసరికి, ఓడిన నగరములందు అభిమానులు దూరపు పట్టణముల ఫలితములు వెదకుచునే యుందురు. తమ కుర్రవాని పేరు ఎదుట ఎన్ని పాయింట్లున్నవో చూతురు. ఆ పట్టికలోనే, కొన్ని వరుసల క్రింద, ఎవరును చదువని పేరొకటి ఉండును. ఏదో యొక యింట బసచేసి, బస్సులో నిద్రించి, మరునాడు బడికి పోవలసిన బాలుని పేరది.